తెలుగు బడా, మరాఠీ బడా? సరిహద్దు ఊళ్లలో పిల్లల్ని ఎటు చేర్చాలి

జూన్ వస్తే చాలు, తెలంగాణ, మహారాష్ట్ర రెండూ తమవే అనే కెరమెరి మండలంలోని మా సరిహద్దు ఊళ్లలో పసిపిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఇదే ప్రశ్న. పరంధోళి నుంచి, అంతాపూర్ నుంచి, భోలాపటార్ నుంచి నన్ను అడిగినవాళ్లు చాలామందే ఉన్నారు. ఈసారి మా అన్నయ్య కూతురి వంతు రావడంతో నేనూ కూర్చుని తేల్చుకోవలసి వచ్చింది.

రెండు రాష్ట్రాల ఓటరు కార్డులు, రెండు రేషన్ కార్డులు, ఇద్దరు సర్పంచులు మనకు కొత్త కాదు. 2024లో ఏప్రిల్ 19న మహారాష్ట్రలోని చంద్రపూర్ లోక్‌సభ స్థానానికి, మే 13న తెలంగాణలోని ఆదిలాబాద్ స్థానానికి ఓటు వేసినవాళ్లం. కార్డులు రెండు ఉండవచ్చు కానీ ఒక బిడ్డ ఒక బడిలోనే చదవగలదు. ఇప్పుడు నమోదంతా ఆధార్‌తో ముడిపడింది కాబట్టి రెండు రిజిస్టర్లలో పేరు ఉంచే వీలు కూడా లేదు.

మొదటి రెండేళ్ల సుఖం చూస్తే మరాఠీ బడే మేలు. మా ఇంట్లో మాట్లాడేది గోర్ బోలి, అంటే లంబాడాల భాష. పుస్తకంలో కుండ బొమ్మ చూపించి ఇందులో ఏముంటుందని అడిగితే పాప వెంటనే "పాణి" అంది. మరాఠీ బడిలో అది సరైన జవాబు. తెలుగు బడిలో "నీళ్లు" అనే మాటను కొత్తగా నేర్చుకోవాలి. మొదటి వారమంతా పాప ఏడుస్తూనే వెళ్లింది. చుట్టాలు, పెళ్లిళ్లు, సంత అన్నీ మహారాష్ట్రలోని జివతి వైపే ఉన్న ఇళ్లకు మరాఠీ సహజంగా అబ్బుతుంది, దాన్ని తీసిపారేయలేను. తెలంగాణ బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లీషు మాధ్యమం కూడా వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. అంటే ఆరేళ్ల పిల్లకు ఒకేసారి రెండు కొత్త భాషలు.

అయినా పాపను తెలుగు బడిలోనే చేర్పించాం. ఎందుకో చెబుతాను.

నేను పదో తరగతి వరకు ఊళ్లోనూ జివతిలోనూ మరాఠీలోనే చదివాను. డిగ్రీ తెలంగాణలో పూర్తి చేసి ఒక జిల్లా స్థాయి ఉద్యోగానికి దరఖాస్తు చేశాను. ధ్రువపత్రాల పరిశీలనలో నన్ను స్థానికేతరుడిగా తేల్చారు. తెలంగాణ ఉద్యోగాలకు వర్తించే 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి లోపు కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడి స్థానికత. ఉద్యోగాల్లో 95 శాతం స్థానికులకే. ఓటూ రేషనూ ఉన్నా నా బడి చదువు మొత్తం చంద్రపూర్ జిల్లా లెక్కలో ఉంది. పోనీ, మహారాష్ట్ర వైపు వెళదామా అంటే, అక్కడ లంబాడాలకు ఇచ్చే విముక్త జాతుల ధ్రువపత్రానికి 1961 నవంబరు 21కి ముందటి ఆధారం అడుగుతారు. మా తాత 1972 కరువులో మరాఠ్వాడా నుంచి ఎడ్లబండి మీద వచ్చాడు. ఆయన దగ్గర ఏ కాగితం ఉంటుంది? లంబాడాలు తెలంగాణలో ఎస్టీలు అన్న మాట నిజమే, కానీ వలస వచ్చిన కుటుంబమంటే అక్కడా తాత ఊరి సంగతే అడుగుతారు. చంద్రపూర్‌లో నన్ను తెలంగాణవాడన్నారు, మా జిల్లా కేంద్రం ఆసిఫాబాద్‌లో మరాఠీవాడన్నారు.

తాత కాగితాన్ని ఇప్పుడు ఎవరూ పుట్టించలేరు. బడి రిజిస్టరు మాత్రం మన చేతిలో ఉంది. పైగా ఏడో తరగతి దాటిన పిల్లకు ఆ నాలుగేళ్లు మళ్లీ రావు. మహారాష్ట్ర డొమిసైల్ (స్థిర నివాస ధ్రువపత్రం) 15 ఏళ్ల నివాసాన్ని చూస్తుంది. దానికి ఇంట్లో ఉన్న కార్డులు కొంత సాయపడతాయి. అక్కడ వైద్యవిద్య సీటు కావాలనుకుంటే పది, పన్నెండు తరగతులు అక్కడ చదవాలి. ఆ నిర్ణయం పాప ఎనిమిదో తరగతికి వచ్చాక తీసుకోవచ్చు. అందుకే ముందు ఇక్కడ, అవసరమైతే తర్వాత అక్కడ. ఈ వరుసను తిప్పితే మాత్రం నాలాగే ఇరుక్కుపోతారు.

గోండు, కోలాం కుటుంబాలు రెండు రాష్ట్రాల్లోనూ ఎస్టీలే కాబట్టి వాళ్లకు ఇంత నష్టం లేదు. పోలీసు భర్తీకి మహారాష్ట్ర వైపే వెళ్లాలని ముందే అనుకున్న ఇళ్లకు మరాఠీ బడి తప్పు కాదు. ఆసిఫాబాద్ ప్రైవేటు బడి అంటారా, ఫీజూ బస్సూ భరించగలిగితే సరే.

మన 14 ఊళ్లను తమలో కలుపుకుంటామని 2025లో మహారాష్ట్ర ప్రకటించింది కదా, అప్పుడేమిటి అని చాలామంది అడుగుతున్నారు. ఈ తగువు నేను పుట్టకముందు నుంచీ ఉంది. అది తేలేదాకా పాపను ఇంట్లో కూర్చోబెట్టలేం.

చేర్చే రోజున ఒక్క జాగ్రత్త తీసుకోండి. నా కార్డుల్లో ఒకదాని మీద ఇంటిపేరు ముందుంది. మరొకదాని మీద నా పేరు, నడుమ నాన్న పేరు, చివర ఇంటిపేరు. ఇద్దరూ ఒకడేనని రుజువు చేసుకోవడానికి నేను అఫిడవిట్లు పట్టుకుని తిరిగాను. పాప పేరును ఆధార్‌లో ఉన్న వరుసలోనే, అక్షరం తేడా లేకుండా రాయించి, రిజిస్టరులో పంతులుగారు రాసింది మా వదిన వేలుపెట్టి చదువుకున్నాకే సంతకం చేసింది.