బిగ్ కామ్: ఏళ్ల తరబడి విన్న తర్వాత

బ్రిటిష్ సంగీత బృందం మార్చీబా 1998లో విడుదల చేసిన ‘బిగ్ కామ్’ను నేను ఏళ్ల తరబడి వింటూనే ఉన్నాను. ట్రిప్-హాప్ అనే నెమ్మదైన సంగీత శైలిలో దీనికన్నా చిక్కటి చీకటి నిండిన ఆల్బమ్‌లూ, దీనికన్నా సాహసం చేసిన ప్రయోగాలూ ఉన్నాయి. అయినా ఇంతకాలంగా, మనసు ఏ స్థితిలో ఉన్నా, విసుగు పుట్టించకుండా నిలిచింది ఇదే. అందుకు కారణం గాయని స్కై ఎడ్వర్డ్స్ కలలాంటి గొంతేనని చాలామంది అంటారు. ఆ మాటలో నిజం సగమే ఉందని నా అభిప్రాయం. ఆ గొంతు అంత తేలికగా తేలడానికి కింద డ్రమ్స్, బేస్ (మంద్ర స్వరాల వాద్యం) ఎంత బరువుగా, ఎంత నిలకడగా ఉన్నాయో కూడా గమనిస్తేనే ఈ ఆల్బమ్ ఆకర్షణ పూర్తిగా అర్థమవుతుంది.

1990ల తొలి ఏళ్లలో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నగరంలో రూపుదిద్దుకున్న ట్రిప్-హాప్ శైలి, హిప్-హాప్ నుంచి డ్రమ్ లూపులనూ (మళ్లీ మళ్లీ తిరిగే డ్రమ్ ముక్కలు) శాంప్లింగ్‌నూ (పాత రికార్డుల ముక్కలు వాడటం), రెగే నుంచి పుట్టిన జమైకా డబ్ సంగీతం నుంచి లోతైన బేస్‌నూ, సోల్ నుంచి గానాన్నీ తీసుకుని, అన్నిటి వేగాన్నీ బాగా తగ్గించింది. మాసివ్ అటాక్ బృందం ఆల్బమ్ ‘బ్లూ లైన్స్’ 1991లోనూ, పోర్టిస్‌హెడ్ బృందం ఆల్బమ్ ‘డమ్మీ’ 1994లోనూ వచ్చాక దానికి ఒక దిగులు ముద్ర పడింది. అన్నదమ్ములైన పాల్ గాడ్‌ఫ్రే, రాస్ గాడ్‌ఫ్రేలు స్కైతో కలిసి 1996లో తెచ్చిన మార్చీబా తొలి ఆల్బమ్‌లోనూ ఆ ముద్ర కనిపిస్తుంది. రెండో ఆల్బమ్ అయిన ‘బిగ్ కామ్’కు వచ్చేసరికి పాల్ బీట్లు అలాగే నెమ్మదిగా సాగుతున్నా, రాస్ గిటార్లు కంట్రీ వైపూ రెగే వైపూ స్వేచ్ఛగా వెళ్లివస్తాయి. దిగులును తేలికపరిచే ఆ వెలుతురే దీన్ని తన తోటి ఆల్బమ్‌ల నుంచి వేరుచేసింది.

స్కై గానంలో నన్ను మొదటినుంచీ పట్టి ఉంచింది ఆమె నిగ్రహం. ఊపిరి చప్పుడు కూడా వినబడేంత దగ్గరగా, దాదాపు మాట్లాడే స్థాయిలోనే పాడుతుంది. గమకాలతో ప్రతిభ చూపాలన్న ఆత్రం ఎక్కడా ఉండదు. మొదటి పాట ‘ది సీ’లో పల్లవి వచ్చినప్పుడు కూడా ఆమె గొంతు పెంచదు. పాటను పైకెత్తే పని వయొలిన్లకూ వా-వా గిటార్‌కూ (పెడల్‌తో స్వరాన్ని ‘వా’ అనిపించే గిటార్) వదిలేసి, తాను మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. భావాన్ని వినేవారి మీద రుద్దని ఇలాంటి గానాన్ని ఎన్నిసార్లు విన్నా అలసట రాదు. 2003లో ఆమె బృందాన్ని విడిచి, 2010 నాటి ఆల్బమ్‌తో మళ్లీ పాడింది. మధ్యలో వేరే గాయనితో వచ్చిన ఆల్బమ్‌ను నేను శ్రద్ధగానే విన్నాను గాని, దాని దగ్గరికి మళ్లీ వెళ్లాలనిపించలేదు.

ఇక ఆ గొంతు కింద ఉన్న నేల గురించి చెప్పాలి. చాలా ఆల్బమ్‌లు సౌండ్ తగ్గించగానే పలచబడిపోతాయి, ఎందుకంటే తక్కువ శబ్దంలో మన చెవి మంద్ర ధ్వనులను సరిగా పట్టుకోలేదు. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. ‘బిగ్ కామ్’లో బేస్ గుండ్రంగా, నిండుగా ఉండి, కిక్ డ్రమ్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్) దెబ్బకు అడ్డుపడకుండా తన చోటు తాను చూసుకుంటుంది కాబట్టి, రాత్రిపూట సౌండ్ బాగా తగ్గించి పెట్టుకున్నా పాట ఆకారం చెడదు. ఫోన్ స్పీకర్‌లో మాత్రం దీన్ని వినవద్దు. అందులో బేస్ మాయమై గొంతు ఒంటరిగా మిగిలిపోతుంది. అప్పుడిది నేపథ్యంలో మోగే ఏదో మెత్తని సంగీతంలా అనిపిస్తే తప్పు ఆల్బమ్‌ది కాదు. చెవిని పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్స్ గాని, కాస్త పెద్ద స్పీకర్లు గాని ఉంటే ‘ఫ్రిక్షన్’లోని రెగే నడక ఒక్కటే ఈ తేడా తెలియజెప్పడానికి చాలు.

సితార్‌ను కేవలం రంగు కోసం వాడుకునే పాశ్చాత్య పాటలంటే నాకు ఎప్పుడూ అనుమానమే. ‘షోల్డర్ హోల్‌స్టర్’లో మాత్రం అది బీట్‌తో పాటు నడిచే వాయిద్యంగా కుదిరింది, అందుకే పాతబడలేదు. అంతకన్నా విలువైనది ‘బ్లైండ్‌ఫోల్డ్’. తనకు కీడు చేస్తున్న ప్రేమను విడవలేని మనిషి పాట అది; అంత చేదు విషయాన్ని స్కై అంత మృదువుగా పలుకుతుంటే, ఆ మృదుత్వం ఊరడింపు కాదనీ, లొంగిపోయిన మనసు స్వరమనీ నెమ్మదిగా తెలుస్తుంది. ఈ ఆల్బమ్‌ను కేవలం సేద తీరడానికి పనికొచ్చే సంగీతంగా లెక్కగట్టేవారు ఈ పాటను మాటలతో సహా వినాలని నా కోరిక.

పాటల వరుస మార్చకుండా వినడం మంచిది. మొత్తం 11 పాటల్లో సరిగ్గా నడిమి చోట స్క్రాచింగ్‌తో (రికార్డును ముందుకూ వెనక్కూ తిప్పి పుట్టించే గీరుడు శబ్దం) నిండిన ‘బుల్లెట్ ప్రూఫ్’ ఉంటుంది. అంతదాకా స్కై గొంతుకు అలవాటుపడిన చెవికి అది గరుకుగా తగులుతుంది, ఆ వెంటనే ‘ఓవర్ అండ్ ఓవర్’ మొదలైనప్పుడు ఆమె గొంతు మళ్లీ కొత్తగా వినిపిస్తుంది. పాటలను కలగాపులగం చేసి వింటే ఈ లాభం పోతుంది. ‘డిగ్గిన్ ఎ వాటరీ గ్రేవ్’ లేకపోయినా లోటు ఉండేది కాదు. నాకున్న అసలు అభ్యంతరం చివరి పాట మీదే. వయొలిన్లతో నిండుగా సాగే ‘ఫియర్ అండ్ లవ్’ ఆల్బమ్‌ను చేర్చవలసిన చోటికి చేర్చేస్తుంది. దాని తర్వాత ర్యాప్‌తో వచ్చే ‘బిగ్ కామ్’ పాట, విడిగా వింటే బాగానే ఉన్నా, ఆ స్థానానికి తగలేదు. అందుకే నేను చాలాసార్లు పదో పాటతోనే ఆపేస్తాను.