తెలిసినవారికి ఎండోమెంట్ పాలసీ అమ్మకం: పర్లాకిమిడి నుంచి ఒక సమీక్ష

ఎండోమెంట్ పాలసీ అంటే గడువు తీరినా, ఈలోగా మనిషి పోయినా సొమ్ము వచ్చే జీవిత బీమా. గడువు తీరకముందే దానిని వదులుకోవలసి వచ్చినవారికి బీమా శాఖలో సాధారణంగా చెప్పేది సరెండర్ గురించే, అంటే పాలసీని సంస్థకే తిరిగి ఇచ్చేసి సొమ్ము తీసుకోవడం గురించే. అదే కౌంటరులో మరో సేవ కూడా దొరుకుతుంది. పాలసీని ఇంకొకరి పేర పూర్తిగా బదలాయించే ఈ సేవను అబ్సల్యూట్ అసైన్‌మెంట్ అంటారు. మా అమ్మాయి కాలేజీ ఫీజు కోసం, ఇరవై ఏళ్ల గడువులో సగానికి పైగా ప్రీమియంలు కట్టేసిన నా పాలసీని ఈ పద్ధతిలోనే అమ్మాను. కొన్న వ్యక్తి నాకు వరసకు అన్నయ్య. మా వీధిలోనే పెరిగి, ఇప్పుడు ఒడిశా సరిహద్దు దాటగానే ఆంధ్రలో వచ్చే పాతపట్నంలో స్థిరపడ్డాడు. కొనేవారు బాగా తెలిసినవారైతే సరెండర్ కంటే ఇదే మేలని నా అభిప్రాయం. అయితే అమ్మేవారికి తప్పనిసరిగా చెప్పవలసిన ఒక మాటను కౌంటరులో ఎవరూ చెప్పలేదు, దాని గురించే ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాను.

ముందు ధర సంగతి. అయిదు లక్షల పాలసీకి సంస్థ ఏటా బీమా మొత్తంలో ప్రతి వేయికి నలభై రూపాయల చొప్పున బోనస్ ప్రకటించిందనుకుంటే, సంవత్సరానికి ఇరవై వేలు జమ అవుతాయి. ఈ సొమ్ము గడువు తీరినప్పుడు పూర్తిగా చేతికి వస్తుంది. మధ్యలో సరెండర్ చేస్తే మాత్రం కోత పడిన విలువే దక్కుతుంది. పదిహేనేళ్లు, అంతకు మించి నడిచిన పాలసీలకు కొన్ని సంస్థలు చివర్లో ఇచ్చే అదనపు బోనస్ కూడా సరెండర్ చేసినవారికి అందకుండా పోవచ్చు. అందువల్ల మిగిలిన ప్రీమియంలు కట్టుకుంటూ గడువు దాకా ఆగగలిగినవారికి ఆ కాగితం సరెండర్ విలువ కంటే ఎక్కువే చేస్తుంది, ఆ తేడాను ఇద్దరూ పంచుకోవడమే న్యాయమైన బేరం. మేము శాఖ నుంచి సరెండర్ విలువను రాతపూర్వకంగా తీసుకుని, దాని మీద ఎంత ఇవ్వవచ్చో కూర్చుని లెక్కవేసుకున్నాం. కొద్దికాలపు అవసరమే అయితే అమ్మకం ఆలోచన కూడా అక్కరలేదు; నడుస్తున్న పాలసీల మీద సరెండర్ విలువలో 90 శాతం వరకు అప్పు ఇచ్చే సంస్థలున్నాయి.

మా ప్రాంతంలో చాలామంది బాండును, అంటే అసలు పాలసీ పత్రాన్ని, తెలిసినవారి చేతిలో పెట్టి, ఒక స్టాంపు కాగితం మీద నాలుగు మాటలు రాసుకుని డబ్బు తీసుకుంటారు. ఇది ఇద్దరికీ ప్రమాదమే. 1938 నాటి బీమా చట్టం 38వ సెక్షన్ ప్రకారం, బదలాయింపు గురించి సంస్థకు రాతపూర్వకమైన నోటీసు అందేవరకు కొన్నవారికి సంస్థ నుంచి పైసా అడిగే హక్కు ఉండదు. ఒకే పాలసీని ఇద్దరికి బదలాయించిన సందర్భంలో ఎవరి నోటీసు ముందుగా చేరిందో వారికే ప్రాధాన్యం. పైగా బాండు వెనుకే బదలాయింపు రాసి, అమ్మేవారు సంతకం చేసి, కనీసం ఒక సాక్షి చేత సంతకం పెట్టిస్తే దానికి స్టాంపు సుంకం లేదు. విడిగా దస్తావేజు రాసుకుంటేనే సుంకం పడుతుంది. ఇంత సులువైన దారి ఉండగా అలాంటి స్టాంపు కాగితాల మీద నమ్మకం పెట్టుకోవడం ఎందుకో నాకు అర్థం కాదు.

2015లో ఈ సెక్షన్‌ను సవరించిన తరువాత, బదలాయింపు ఎందుకు చేస్తున్నారో, ఎవరికి చేస్తున్నారో, ఏ షరతుల మీద చేస్తున్నారో స్పష్టంగా రాయాలి. పాలసీల వ్యాపారం కోసమే ఇలా చేస్తున్నారని నమ్మడానికి తగిన ఆధారముంటే సంస్థ తిరస్కరించవచ్చు, కానీ కారణాలను రాసిపెట్టి ముప్పై రోజుల లోపు తెలియజేయాలి. మేము ఉన్నదున్నట్టుగా, ఫీజు అవసరమనీ, బంధువు ధర చెల్లించి తీసుకుంటున్నాడనీ రాశాము. ‘ప్రేమాభిమానాలతో ఇస్తున్నాను’ అని రాస్తే పని తొందరగా అవుతుందని ఒకరు సలహా ఇచ్చినా వినలేదు. డబ్బు చేతులు మారినప్పుడు కాగితం మీద కూడా అదే ఉండాలి.

కౌంటరులో పని మర్యాదగానే జరిగింది. అసలు బాండు, ఇద్దరి గుర్తింపు పత్రాలు, పాన్ కార్డులు, కొన్నవారి బ్యాంకు ఖాతా వివరాలు అడిగారు. మన పేర్లతో మాత్రం ఇక్కడ చిక్కు వస్తుంది: నా బాండులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందు ఉంటే, ఒడిశాలో తీసుకున్న ఆధార్ కార్డులో అదే ఇంటిపేరు పూర్తిగా, చివర ఉంది. రెండూ ఒకే మనిషివని రాసి సంతకం పెట్టవలసి వచ్చింది. ఫారాలు ఒడియా, హిందీ, ఇంగ్లీషుల్లో ఉన్నాయి. తెలుగు మాత్రమే చదవగలిగిన పెద్దవారు వెంట ఒకరిని తీసుకువెళ్లడం మంచిది.

ఇక ఎవరూ చెప్పని ఆ మాట. బదలాయింపు నమోదైన క్షణంలోనే పాత నామినేషన్, అంటే నేను పోతే సొమ్ము ఎవరికి ఇవ్వాలో రాసిచ్చిన పేరు, దానంతట అదే రద్దవుతుంది. బీమా మాత్రం అమ్మినవారి ప్రాణం మీదే కొనసాగుతుంది. రేపు నాకు ఏదైనా జరిగితే వచ్చే మొత్తం సొమ్ము కొన్నవారికే చెందుతుంది గానీ నా భార్యాబిడ్డలకు రాదు. నేను ఈ సంగతి ముందే చదివి ఉన్నాను కాబట్టి అన్నయ్యను నేరుగా అడిగాను. ‘తెలుసురా, అందుకే మరదలితో చెప్పకుండా సంతకం పెట్టకు’ అన్నాడు. ఇంట్లో అందరం మాట్లాడుకున్న తరువాత, గడువు లోపల నేను పోతే తాను పెట్టిన సొమ్మును వడ్డీతో ఉంచుకుని మిగిలినది నా భార్యకు ఇచ్చేటట్లు విడిగా ఒక ఒప్పందం రాసుకున్నాం. అది మా ఇద్దరి మధ్యనే చెల్లుతుంది, సంస్థకు దానితో సంబంధం లేదు. ఒక మనిషి ప్రాణం మీద ఉన్న బీమాను ఇంకొకరు పట్టుకుని ఉండే ఇటువంటి ఏర్పాటు ముక్కూముఖం తెలియనివారితో చేయకూడదని నేను గట్టిగా నమ్ముతున్నాను. నోటీసు తీసుకునే ఉద్యోగి ఈ ఒక్క విషయాన్ని అమ్మేవారికి అర్థమయ్యే భాషలో నోటితో చెప్పి తీరాలి. ఫారంలోని చిన్న అక్షరాలకు వదిలేయడం సరికాదు.

భార్యాబిడ్డల కోసం 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద తీసుకున్న పాలసీలను ఈ విధంగా అమ్మడానికి వీలుండదు. పాలసీ మీద అప్పు ఉంటే దానిని ధర దగ్గరే తేల్చుకోవాలి.

కొనేవారికి కూడా కొన్ని సూచనలు. ఇతరుల ప్రాణం మీద ఉన్న పాలసీకి కొన్నవారు నామినీని పెట్టుకోలేరు, కాబట్టి వారు ముందుగా పోతే వారసులే హక్కు రుజువు చేసుకోవలసి ఉంటుంది. డబ్బును బ్యాంకు ద్వారానే ఇవ్వాలి. చిన్న రుసుము కట్టి అడిగితే నోటీసు అందినట్లు సంస్థ రాసి ఇస్తుంది. మా అన్నయ్య ధరలో కొంత ముందు ఇచ్చి, మిగిలినది ఆ కాగితం చేతికి వచ్చాకే నా ఖాతాలో వేశాడు, నేను కూడా అదే కోరుకున్నాను.