మా సంఘం వాట్సాప్ గ్రూపులు: లాక్‌డౌన్ నుంచి ఇప్పటిదాకా వాడాక నా అభిప్రాయం

ముందే చెప్పేస్తున్నాను, మాకు రెండు గ్రూపులు ఉన్నాయి, రెండింటికీ ఒకే మార్కులు వేయలేను. ఒకటి మా క్రైస్తవ సంఘం మొత్తానికి, రెండోది సహోదరీలకి, అంటే సంఘంలోని ఆడవాళ్లకి మాత్రమే. మార్కుల సంగతి చివర్లో చెప్తాను.

మాది నరసాపురం దగ్గర పల్లె. 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు ఇంగ్లండు నుంచి ఓడెక్కి వచ్చి ఈ డెల్టాలో మొదలుపెట్టిన సేవ నుంచి పుట్టిన సహోదరుల సంఘాల్లో మాదీ ఒకటి. మా దగ్గర పాస్టర్ అని ఒకరు ఉండరు, పెద్దలు ఉంటారు, ప్రతి ఆదివారం రొట్టె విరుస్తాం, అంటే యేసు మరణాన్ని గుర్తుచేసుకుంటూ రొట్టె, గిన్నె పంచుకుంటాం, దాన్నే బల్ల అంటాం. ఆడవాళ్లం ముసుగు వేసుకుని ఒక పక్కన కూర్చుంటాం, పాటల్లో గొంతు కలుపుతాం కానీ ఆదివారం ఆరాధనలో పైకి ప్రార్థన చేయం. ఈ విషయం ఎందుకు చెప్తున్నానో కింద తెలుస్తుంది.

2020 మార్చిలో మందిరానికి తాళం పడింది. ఆ ఏడాది ఏప్రిల్ 12న ఈస్టర్, అందరం ఎవరిళ్లల్లో వాళ్లం. పెద్ద గ్రూపు అప్పుడే పెట్టారు, మా పెద్దల్లో ఒకాయన ఉదయమే వాక్యం రికార్డు చేసి పంపేవారు. రొట్టె మాత్రం ఫోన్‌లో వద్దు, అందరం కూడినప్పుడే అని పెద్దలు తీర్మానం చేశారు. అప్పట్లో కొంతమంది బాధపడ్డారు కానీ అది సరైన పని అని నేను ఇప్పటికీ గట్టిగా నమ్ముతాను. ఒకే రొట్టె, ఒకే గిన్నె అని చెప్పుకుంటూ ఎవరింట్లో బిస్కెట్ వాళ్లు విరుచుకుంటే అది బల్ల ఎలా అవుతుంది?

ఆ తర్వాత పెద్ద గ్రూపు అందరి గ్రూపుల్లాగే అయిపోయింది. తెల్లవారుజామున ఐదుకల్లా గులాబీ పువ్వు మీద వాగ్దాన వచనం, వెనకాలే ఇరవై ముప్పై ప్రైజ్ ద లార్డ్‌లు, పదిమందికి పంపితే సాయంత్రంలోగా అద్భుతం జరుగుతుందనే మెసేజ్‌లు, ఎప్పటివో ఏ దేశానివో తెలియని వీడియోలు. చూసీ చూసీ పెద్దలు అడ్మిన్‌లు మాత్రమే రాసేలా సెట్టింగ్ మార్చేశారు. గ్రూపు శుభ్రపడింది, కానీ నోటీసు బోర్డు అయిపోయింది. కూడిక ఎన్నింటికి, ఎవరింట్లో, అంతే. ఎవరికైనా కష్టం వస్తే అడ్మిన్‌కి చెప్పుకోవాలి, ఆయన వీలు చూసుకుని పెట్టాలి, అప్పటికి సగం మనసు చల్లారిపోతుంది.

సహోదరీల గ్రూపు అలా పుట్టిందే. నిజానికి మొదట్లో అదీ సరిగా నడవలేదు, ఎందుకంటే మాలో పెద్దవాళ్లు చాలామందికి చదవడం రాదు, వచ్చినా టైపు చేయడం రాదు. బుధవారం ఉపవాస కూడికలో చాప మీద కూర్చుని గడగడా మనవి చెప్పుకునే మామ్మలు, గ్రూపులో మాత్రం నోరు లేనివాళ్లు అయిపోయారు. వాయిస్ మెసేజ్ నొక్కడం పిల్లలు నేర్పించాక అంతా మారింది. మా వీధి చివర మామ్మ ఒకావిడ పంపిన మొదటి మెసేజ్‌లు నాకు ఇంకా గుర్తున్నాయి: మొదటిది "ఆయ్, అమ్మా" దగ్గర తెగింది, రెండోదాంట్లో చెరువు నీటికి గాలి పట్టించే ఏరియేటర్ల మోత తప్ప ఏమీ లేదు, మూడోదాంట్లో "ఆయ్, వందనాలమ్మా, నా మోకాలు గురించి కాదు, మా కోడలు కాన్పు గురించి ప్రార్థన చేయండి" అని పూర్తిగా వచ్చింది. మా వైపు ఆడవాళ్లు లేసు అల్లుకుంటూ ఫోన్ పక్కన పెట్టుకుని ఇవన్నీ వింటారు, చేతులు ఖాళీ ఉండవు కాబట్టి చదివేదానికంటే వినేదే వీళ్లకి నప్పింది. ఒకరు మనవి చెప్తే ఇంకొకరు అక్కడే గొంతెత్తి ప్రార్థన చేసి పంపుతారు. ఆదివారం వినబడని గొంతులు మిగతా ఆరు రోజులూ వినబడుతున్నాయి. దీన్ని కొందరు సహోదరులు మొదట ఒప్పుకోలేదు. ఇప్పుడు వాళ్లే ఇంట్లో స్పీకర్ పెట్టించుకుని వింటున్నారు, నాకు అది చాలా సంతోషం.

అసలు తేడా ఎక్కడ ఉందంటే, పెద్ద గ్రూపులో మనవి ఎప్పుడూ "ప్రార్థించండి" దగ్గరే ఆగిపోతుంది. మా సహోదరి ఒకావిడ భర్తకి డయాలసిస్, భీమవరం తీసుకెళ్లాలి. పెద్ద గ్రూపు తెరిచి ఉన్న రోజుల్లో ఆవిడ పెట్టిన ప్రతి మెసేజ్ కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడేవి, ఇంటికి వెళ్లినవాళ్లు తక్కువ. అదే ఆవిడ మా గ్రూపులో "రేపు బస్సుకి నాతో ఎవరైనా రాగలరా, ఆయన్ని దింపడం ఒక్కదాన్నే చేయలేకపోతున్నాను" అని గొంతుతో అడిగింది. ఆ గొంతు విన్నాక ఆమెన్ అని బొమ్మ పెట్టి ఊరుకోవడం ఎవరి వల్లా కాలేదు. అప్పటినుంచి వంతులు వేసుకుని తోడు వెళ్తున్నారు.

గల్ఫ్ సంగతి వేరే చెప్పాలి. ఈ డెల్టాలో సంఘం ఏదైనా సరే, కువైట్‌లోనో దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు ఉండని సంఘం ఉండదు. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక, అక్కడ సెలవు శుక్రవారం, కాబట్టి మన ఆదివారం వాళ్లకి పనిదినం. దుబాయ్‌లో వాట్సాప్ కాల్ కలవదు, వాయిస్ మెసేజే దిక్కు. కువైట్‌లో ఉన్న మా సహోదరి తల్లి చనిపోయినప్పుడు ఆవిడ రాలేకపోయింది. సమాధి దగ్గర ఒక కుర్రాడు వీడియో కాల్ పట్టుకుని నిలబడ్డాడు, సిగ్నల్ లేక బొమ్మ ఆగిపోయి కొబ్బరి చెట్టు మొవ్వు ఒక్కటే కనబడిందట, పాట మాత్రం చివరిదాకా వినబడిందని ఆవిడ తర్వాత చెప్పింది. తర్వాతి శుక్రవారం మేం నలుగురం ఒక్కొక్కరుగా కాల్ చేశాం. ఏడ్చేవాళ్లతో ఏడవమని బైబిల్లో రోమా పత్రిక 12వ అధ్యాయంలో ఉంది కదా, ఫోన్ లేకపోతే ఆవిడతో ఏడవడానికి మాకు దారి లేదు.

వరదల్లో కూడా ఇంతే. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులు దాటి, 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రానికి వదిలినప్పుడు యలమంచిలి వైపు లంకలు మునిగాయి. ఎవరి మేడ మీద చోటుంది, ఎవరికి షుగర్ మాత్రలు కావాలి, పాలు ఎక్కడ దొరుకుతాయి, ఇవే మెసేజ్‌లు. ఆ వారం రోజులు గులాబీ పువ్వులు పంపినవాళ్లు లేరు! గట్టు తెగిందని ఒక పుకారు వాయిస్ మాత్రం తిరిగింది, కుర్రాళ్లు ఏటిగట్టు మీదకి వెళ్లి చూసి ఏమీ లేదని చెప్పేదాకా జనం టెన్షన్ పడ్డారు.

నచ్చనివి రెండున్నాయి. ఒకటి స్క్రీన్‌షాట్లు. ఒక అమ్మాయి సంబంధం చెడిపోయిన సంగతి ప్రార్థన కోసం రాస్తే అది బంధువుల గ్రూపులోకి పోయింది, ఆ తల్లి చాలాకాలం కూడికకి రాలేదు. ఎవరు పంపారో తేలలేదు. మత్తయి 18లో తప్పు చేసినవాడి దగ్గరికి ఒంటరిగా వెళ్లి మాట్లాడమని ప్రభువు చెప్పారు, ఎవరో తెలియనప్పుడు ఎవరి దగ్గరికి వెళ్తాం? అందుకే ఇప్పుడు ఇంటి గుట్టు ఉన్న మనవులు గ్రూపులో వద్దని, ఇద్దరు పెద్దావిడల దగ్గరే నేరుగా చెప్పుకోమని అనుకున్నాం.

రెండోది యూట్యూబ్. పెద్దపెద్ద ప్రసంగీకుల లైవ్‌లు విని ఆదివారం మా బ్రదర్ గారి వాక్యం చప్పగా ఉందనేవాళ్లు తయారయ్యారు. కానీ మీ ఇంట్లో ఎవరైనా పోతే అర్ధరాత్రి వచ్చి గుమ్మంలో కూర్చునేది ఈ బ్రదర్ గారే, ఆ ప్రసంగీకుడికి మీరు ఎవరో కూడా తెలియదు. బైబిల్ యాప్‌తో నాకు ఇబ్బంది లేదు, అక్షరం పెద్దది చేసుకోవచ్చు, చూపు తగ్గినవాళ్లు ఆడియో వినవచ్చు, వాక్యం మధ్యలో వచ్చే నోటిఫికేషన్లు ఆపుకుంటే చాలు.

అపొస్తలులు కూడా ఉత్తరాలే కదా రాశారు, ఫోన్ అయితే తప్పేంటి అని మా కుర్రాళ్లు అడుగుతుంటారు. తప్పేం లేదు. కాకపోతే యోహాను తన రెండో పత్రికలో, రాయాల్సింది చాలా ఉన్నా సిరాతో కాగితంతో వద్దు, వచ్చి ముఖాముఖిగా మాట్లాడతాను, అప్పుడే సంతోషం పరిపూర్ణమవుతుంది అని 12వ వచనంలో అన్నాడు. అదీ చదవమని చెప్తాను.

మార్కులు: పెద్ద గ్రూపుకి ఐదుకి రెండు, సహోదరీల గ్రూపుకి నాలుగున్నర. కొత్తగా పెట్టుకునేవాళ్లు అందరినీ ఒకే గ్రూపులో కుక్కకండి, ఒకరి ఇల్లు ఒకరికి తెలిసినంతమందే ఉండాలి. వాయిస్ మెసేజ్ మామ్మలకి నేర్పించండి. వచ్చిన మనవులన్నీ తేదీ వేసి పుస్తకంలో రాసే మనిషి ఒకరు ఉండాలి, కొత్త మెసేజ్‌లు పడి పాతవి కనబడకుండా పోతాయి, నెల తర్వాత "మీ కోడలు ఎలా ఉంది మామ్మా" అని అడగడానికి ఆ పుస్తకమే పనికొస్తుంది. ఫోన్ లేనివాళ్ల పేర్లు అదే పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి, వాళ్లకి ఎవరు వెళ్లి కబురు చెప్పాలో కూడా పక్కనే రాయండి.