పర్యావరణ విధానాలు చదవాలంటే: పబ్లిక్ పాలసీయా, లా డిప్లొమాయా?

"అన్నా, డిగ్రీ అయిపోయింది. పర్యావరణ విధానాల వైపు వెళ్దామనుకుంటున్నా. పబ్లిక్ పాలసీలో ఎం.ఏ. చెయ్యనా, ఎన్విరాన్‌మెంటల్ లా చెయ్యనా?" వారానికి ఒకరైనా ఇదే అడుగుతున్నారు. రెండూ చదివినవాణ్ని కాబట్టి ఒకసారి రాసి పెట్టేస్తే నాకూ సుఖం. ముందు రెండేళ్ల పాలసీ ఎం.ఏ. చేశాను. తర్వాత ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో లా డిప్లొమా పూర్తి చేశాను.

పాలసీ కోర్సులోని మంచి చెప్పకుండా ముందుకెళ్లకూడదు. ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్, సర్వే చేసే పద్ధతి అక్కడే వచ్చాయి. ఉద్యోగాలూ దీనికే ఎక్కువ. ఢిల్లీలో టెరీ (ఇంధన, పర్యావరణ పరిశోధన సంస్థ), ముంబైలో టిస్ (టాటా సామాజిక శాస్త్రాల సంస్థ), బెంగళూరు నేషనల్ లా స్కూల్లో రెండేళ్ల ఎం.పి.పి. (పబ్లిక్ పాలసీలో మాస్టర్స్), ఇవీ ఎక్కువగా వినిపించే పేర్లు. కానీ నేను చదివిన చోట (పేరెందుకు లెండి) రెండేళ్లలో ఒక్క గెజిట్ నోటిఫికేషన్ కూడా మొదటి నుంచి చివరిదాకా చదివించలేదు. చార్టుల మీద 'స్టేక్‌హోల్డర్ల' (అంటే ఆ విషయంతో సంబంధమున్న వర్గాల) పేర్లు రాసి గుండ్రాలు చుట్టడమే సరిపోయింది.

జీవో 111 సంగతే చూడండి. 1996లో వచ్చింది. హైదరాబాద్‌కి తాగునీరిచ్చే జలాశయాలు ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల లోపు కాలుష్యం చేసే పరిశ్రమలు వద్దంది. పాలసీ క్లాసులో దీన్ని నగర విస్తరణకీ తాగునీటికీ మధ్య పోటీ అని చెప్పి అరగంటలో ముగించారు. లా డిప్లొమాలో కాగితాలు చేతిలో పెట్టారు. శంషాబాద్ మండలంలో ఒక నూనె ఫ్యాక్టరీ, సరిగ్గా ఆ పరిధిలోనే. జీవో ఇచ్చిన ప్రభుత్వమే 1997లో ఆ ఒక్క ఫ్యాక్టరీకి మినహాయింపు ఇస్తూ ఇంకో జీవో తెచ్చింది. కాలుష్య నియంత్రణ మండలి ఒప్పుకోలేదు. గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. హాని ఉండదని నిరూపించుకోవాల్సిన బాధ్యత ఫ్యాక్టరీదేనని 1999లో కోర్టు చెప్పింది. సైన్సు తెలిసినవాళ్లు కూడా కూర్చునే పర్యావరణ కోర్టులు ఉండాలని ఆ తీర్పులోనే రాసింది. 2000లో మినహాయింపు చెల్లదని తేల్చింది. పర్యావరణ కేసులు వినడానికి 2010 చట్టంతో వచ్చిన జాతీయ హరిత ట్రిబ్యునల్లో జడ్జిల పక్కన నిపుణులు ఎందుకు కూర్చుంటారో నాకు అప్పుడు అర్థమైంది.

అయితే ఆ పరిధిలోని 84 గ్రామాల వాళ్లు ఏళ్ల తరబడి ఆ జీవో ఎత్తేయమని ఎందుకు అడిగారు, 2022లో జీవో 69తో ఆంక్షలు తీసేస్తామంటే అక్కడి భూముల ధరలకీ దానికీ సంబంధమేంటి అంటే లా పుస్తకం నోరు మెదపదు. అక్కడ పాలసీ చదువే దిక్కు.

అయినా నేను లా వైపే మొగ్గుతాను. కారణం ఒక పబ్లిక్ హియరింగ్, అంటే ప్రాజెక్టుకి అనుమతి ఇచ్చే ముందు స్థానికుల మాట వినే సభ. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, గీపెట్టే మైకు, వెనక పోలీసులు. ఒక పెద్దావిడ లేచి, "మీరు అంత లోతు తవ్వితే మా బోరు ఎండిపోద్ది. అప్పుడు నేనెవరి గడప ఎక్కాలి?" అంది. రాసుకునే ఉద్యోగి 'నీటి వనరులపై ఆందోళన వ్యక్తం చేశారు' అని రాసుకున్నాడు. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం, హియరింగ్ చివర్లో కార్యక్రమ సారాంశాన్ని స్థానిక భాషలో అందరికీ చదివి వినిపించాలి. లా డిప్లొమాలో అది చదివి ఉన్నాను కాబట్టి చదవమని అడిగాను. అధికారి కాస్త చిరాకు పడ్డా చదివించారు. ఆవిడ వెంటనే, "నేనన్నది అది కాదు బాబూ, ఎవరు బాధ్యులని అడిగా" అంది. ఆ వాక్యం మార్చి రాశారు. నా పాలసీ ఎం.ఏ.లో ఆ నోటిఫికేషన్ పేరు విన్నాను గానీ ఆ పేరా చూడలేదు.

ఆ నోటిఫికేషన్ స్థానంలో తేవాలనుకున్న 2020 ముసాయిదాలో హియరింగ్‌కి ఇచ్చే నోటీసు గడువును 30 రోజుల నుంచి 20కి తగ్గించబోయారు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకుని చదివితే గానీ అలాంటి అంకె కంటబడదు.

ఆన్‌లైన్ సర్టిఫికెట్లంటారా, సరదాకి చేసుకోండి. విదేశీ మాస్టర్స్ అప్పు చేసి వెళ్లేంతటిది కాదు, స్కాలర్‌షిప్ వస్తే వేరే మాట.

లెక్కలు, డేటా ఇష్టమై, రీసెర్చ్ సంస్థలో ఉద్యోగమే లక్ష్యమైతే పాలసీకే వెళ్లండి. చేరే ముందు అక్కడి సీనియర్‌ని ఒక్క మాట అడగండి: ఈ రెండేళ్లలో ఎన్ని నోటిఫికేషన్లు పూర్తిగా చదివించారు అని. సున్నా అంటే, ఆ ఎం.ఏ.తో పాటు డిప్లొమా కూడా కట్టేయండి. బెంగళూరు లా స్కూల్ దూరవిద్యలో ఇస్తుంది, ఉద్యోగం మానక్కర్లేదు.