కట్టె కోస్తా, గొట్టం ముట్టను: చిత్తూరులో ఒక తుపాకీ రిపేరు షాపు

ఇరాల మండలంలో తుపాకీ లైసెన్సు ఉన్నవాళ్ళం వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మందిమి. అందులో ముగ్గురు ఇప్పటికే ఫోన్ చేసి ఒకే మాట అడిగినారు: "హవల్దారన్నా, నీ తుపాకీ యాడ బాగుచేయించినావు?" ముగ్గురికీ చెప్పి నోరు నొప్పి పుట్టింది. అందుకే రాసి పెడతా ఉండా.

షాపు చిత్తూరులో సంతపేట వైపు ఒక సందులో ఉంది. పేరు రాయడం లేదు. ఆయనే వద్దన్నాడు, జనం ఎక్కువొస్తే పని చెడుతుందని. కావాల్సినోళ్ళు నన్నడిగితే దారి చెప్తా.

తుపాకీ మా నాయనది. పన్నెండు బోరు (బోరంటే గొట్టం లోపలి కొలత), రెండు గొట్టాల డబుల్ బ్యారెల్, ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ సరుకు. నాయనకు డెబ్బై దాటినాక వారసుడిగా నా పేరుకు మార్పించుకున్నాం. లైసెన్సుదారుకు 70 ఏళ్ళు నిండినా, తుపాకీ చేతికొచ్చి 25 ఏళ్ళయినా వారసుడికి అడగొచ్చని 2016 రూల్సులో ఉంది. 2024 ఎన్నికలప్పుడు అందరి మాదిరే నేనూ మార్చిలో స్టేషన్లో అప్పజెప్పినా. ఏ స్టేషనో చెప్పను. జూన్‌లో ఓట్ల లెక్కింపు అయినాక తెచ్చుకుని గోనెసంచి విప్పితే, గొట్టం మీద చింతగింజలంత తుప్పు మచ్చలు. నేను 22 ఏళ్ళు పట్టాళంలో ఉన్నోణ్ణి. పుల్‌త్రూకు, అంటే గొట్టం తుడిచే తాడుకు, చిందీ గుడ్డ కట్టి లాగి, గొట్టం వెలుతురుకు పెట్టి చూపిస్తే తప్ప కోత్‌లో (ఆయుధాల గదిలో) ఆయుధం వాపసు తీసుకోరు. ఆ అలవాటున్నోడికి ఆ మచ్చలు చూస్తే రాత్రి అన్నం సయించలేదు.

తుప్పొక్కటే కాదు. మా నాయన ఆరడుగుల మనిషి, నాకు మా అమ్మ పోలిక. తుపాకీ ఎత్తితే బట్ (భుజానికి ఆనించే వెనక కట్టె) చంకలో ఇరుక్కుంటుంది, మెడ కొంగ మాదిరి చాచాల. పైగా కుడి గొట్టం గుర్రం, అంటే తూటాను పేల్చే సుత్తి, సరిగ్గా కొట్టడం లేదు. మా బామ్మర్ది దీనికి తేలిక మందు చెప్పినాడు: "గొట్టం ఎనిమిదంగుళాలు కోయించు బావా. లేత్ షాపులో అరగంట పని. ముప్పైలో ఎనిమిది పోతే ఇరవై రెండు. ఇరవై దాటితే చట్టం ఒప్పుకుంటాది, నేను చదివినా." మేక కాలు నరికించినంత సులువుగా చెప్పినాడు. నిజం చెప్పాలంటే నేనూ సగం ఒప్పుకున్నా.

షాపు తొమ్మిదడుగుల గది. లోపల ఒక బల్ల, దవడలకు తోలు తొడిగిన వైసు, గోడకు ఆనించిన అక్రోటు కట్టె దిమ్మెలు, అవిసెనూనె వాసన. షాపాయన, భాయ్‌కి డెబ్బై ఏళ్ళుంటాయి. నేను సంచి విప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, "ముందు పుస్తకం, సాబ్" అన్నాడు. లైసెన్సు ఒరిజినల్ తీసుకుని, గొట్టం కింద చెక్కిన నంబరు ఒక్కో అంకె వేలితో తడుముతా సరిచూసి, రిజిస్టర్లో రాసుకున్నాడు. ఆ తర్వాతే తుపాకీని మడత దగ్గర వంచి తెరిచి చూసినాడు. ఖాళీ అని నేను చూపించినా, మళ్ళీ రెండు చాంబర్లలోనూ (తూటా కూర్చునే గూళ్ళలో) చూపుడు వేలు దూర్చినాడు. "మీరు చెప్పింది నిజమే సాబ్, నా వేలుకు కూడా తెలియాల గదా" అన్నాడు. పట్టాళంలో మా ఉస్తాదులు చెప్పిన పాఠం అది. అప్పుడే నాకు గురి కుదిరింది.

గొట్టం కోత మాట ఎత్తగానే భాయ్ నవ్వలేదు, కోపగించుకోనూ లేదు. సొరుగులోంచి ప్లాస్టిక్ అట్ట వేసిన ఆయుధాల చట్టం పుస్తకం తీసి, 6వ సెక్షన్ దగ్గర పెట్టిన అగరబత్తి పెట్టె ముక్క చూపించినాడు. ప్రత్యేకంగా లైసెన్సు లేకుండా ఎవరూ తుపాకీ గొట్టం పొట్టి చేయకూడదు. అంగుళమైనా సరే. బామ్మర్ది చదివిన ఇరవై అంగుళాల లెక్క లైసెన్సు ఇచ్చేటప్పుడు చూసేది, మనం రంపం పట్టడానికి ఇచ్చిన అనుమతి కాదు. 2019 సవరణ తర్వాత ఈ తప్పుకు శిక్ష ఏడేళ్ళకు తక్కువ లేదు, యావజ్జీవం దాకా పోవచ్చు. "కోసినోడికీ కోయించినోడికీ ఇద్దరికీ కష్టమే. నాకు మనవరాలి పెళ్ళి ఉండాది సాబ్" అన్నాడు. బామ్మర్దికి ఆ సాయంత్రం ఫోన్లో నేనేమన్నానో ఇక్కడ రాయకూడదు.

తర్వాత ఆయనే అడిగినాడు: "మీకు గొట్టం పొడుగా, కట్టె పొడుగా?" ఇన్నేళ్ళు రైఫిల్ మోసిన నాకు ఆ ప్రశ్న తట్టలేదు. నా మోచేయి మడిచి, బట్ అడుగు మోచేతి మడతలో ఆనించి, వేలు ట్రిగ్గర్‌కు ఎంత అందుతుందో చూసినాడు. అందలేదు. అంగుళంన్నర కట్టె కోసి, అడుగున అరంగుళం రబ్బరు మెత్త వేస్తే నికరంగా అంగుళం తగ్గుతుందన్నాడు. కట్టె కోతకు చట్టంతో పేచీ లేదు, నంబరున్న గొట్టం జోలికి పోవడం లేదు కదా. పెన్సిలు గీత మీద టేపు చుట్టి, అంచు పెచ్చులు లేవకుండా సన్న రంపంతో కోసినాడు. ఆ మాత్రం నా ముందరే చేసినాడు. మిగతా పనికి తుపాకీ పెట్టిపొమ్మని రసీదు రాసిచ్చినాడు.

అక్కడ కూర్చున్నప్పుడే తిరుపతి నుంచి ఒక కుర్రోడు వచ్చినాడు. మెడలో లావు గొలుసు, భూముల యాపారం. వాళ్ళ తాతది .315 రైఫిల్ ఉందంట, తూటా ఎక్కించడానికి బోల్టు ప్రతిసారీ చేత్తో లాగాల్సి వస్తోందంట. "సినిమాలో మాదిరి దానంతటదే లోడయ్యేటట్టు చేస్తావా భాయ్?" అన్నాడు. భాయ్ అదే పేజీ మళ్ళీ తీసినాడు. ఒక వర్గం తుపాకీని ఇంకో వర్గంలోకి మార్చడం కూడా 2019 నుంచి అదే సెక్షన్లోకి వచ్చింది. బోల్టు రైఫిల్ మామూలు లైసెన్సుకు వస్తుంది, సెమీ ఆటోమేటిక్ నిషేధ వర్గంలోది. నేను పట్టాళంలో మోసిన ఎస్‌ఎల్‌ఆర్ ఆ జాతిదే. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక తూటా, మేగజైన్లో (తూటాల పెట్టెలో) ఇరవై. ఊర్లో దాంతో మనకేం పని?

కుర్రోడు మొహం మాడ్చుకుంటే భాయ్ టీ తెప్పించి, నాకూ తెలియని సంగతి ఒకటి చెప్పినాడు. ఆ .315 చట్టం కోసమే వేషం మార్చుకున్న తుపాకీ అంట. ఒళ్ళు లీ-ఎన్‌ఫీల్డ్‌ది, అంటే తెల్లోళ్ళ పట్టాళం వాడిన .303 రైఫిల్‌ది. సిపాయిల తూటా జనం చేతికి పోతే జనం తుపాకుల్లోనూ పేల్తుందని తెల్లోళ్ళకు భయం. అందుకని వాళ్ళ తూటా పట్టని వేరే బోరు జనానికి పెట్టినారు. దొరలు పోయినా బోరు మిగిలింది. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో అదే చేసినారు.

ఇది వింటా ఉంటే నాకు కాలిఫోర్నియా గుర్తొచ్చింది. 2023లో మా అబ్బోడి దగ్గరికి పోయినప్పుడు, వాడి స్నేహితుడు, మన మదనపల్లి పిల్లోడే, గ్రీన్‌కార్డు ఉంది, ఒక తుపాకీ షాపుకు తీసుకుపోయినాడు. నేను విజిటర్ వీసా మనిషిని, చేత్తో పట్టుకోకూడదని షాపాయన ముందే చెప్పినాడు. చేతులు వెనక్కి కట్టుకుని, గుడిలో దేవుణ్ణి చూసినట్టు చూసినా. ఆ పిల్లోడి ఏఆర్ రైఫిల్‌కు (సెమీ ఆటోమేటిక్ జాతిదే) పిడి వెనకాల చేపరెక్క మాదిరి ప్లాస్టిక్ పలక బిగించినారు, బొటనవేలు చుట్టూ తిప్పి పట్టుకోడానికి లేకుండా. జరిగే బట్‌ను జరగకుండా మేకు కొట్టినారు. మూతి దగ్గర మంట కనపడకుండా చేసే గొట్టం తీసేసినారు. మేగజైన్లో పదే తూటాలు. ఈ హంగులన్నీ తీసేస్తే అది 'ఫీచర్‌లెస్', ఆ రాష్ట్రం చట్టానికి సరిపోయినట్టే. హంగులు ఉంచుకోవాలంటే ఇంకో దారి ఉంది: మేగజైన్‌ను తుపాకీలోనే స్థిరంగా బిగించాల, యాక్షన్ (తుపాకీ లోపలి యంత్రం) విప్పితే తప్ప ఊడిరాకూడదు. అంతకు ముందు 'బులెట్ బటన్' అని ఒకటి ఉండేదంట. తూటా మొనతో పొడిస్తే మేగజైన్ ఊడొచ్చేది. 2016లో చట్టం మార్చి ఆ సందు మూసేసినారు.

సిపాయి కంటితో చూస్తే నాకు ఆ చేపరెక్క నచ్చలేదు. లోపలి యంత్రం అదే, పేలే తీరూ అదే. పట్టుకునే పిడికి ఇంత పంచాయితీనా అనిపించింది. మనోళ్ళు బోరునూ యంత్రాన్నీ చూసి గీత గీసినారు, నాకు అదే సూటిగా తోస్తుంది. భాయ్‌కి ఇదంతా చెప్తే ఒకటే అడిగినాడు: "అక్కడ గొట్టం కోయొచ్చా?" షాట్‌గన్‌కు 18 అంగుళాలు, రైఫిల్‌కు 16. దానికి తక్కువైతే 1934 నాటి అమెరికా కేంద్ర చట్టం కింద కేంద్ర సర్కారు దగ్గర రిజిస్టరు చేయించాలని చెప్పినా. "అంటే వాళ్ళకూ గొట్టం అంటే భయమే" అని కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

ఇంక లోపాలు. పదిరోజులన్నాడు, ఇరవై ఆరు రోజులు పట్టింది. ఇరాల నుంచి మూడుసార్లు వట్టిచేతులతో తిరిగినా. ఫోన్ ఎత్తడు. బిల్లు అడిగితేనే ఇస్తాడు. కట్టె కొత్త కోత రంగు పాత రంగుతో కలవలేదు, ఎండలో పెడితే తేడా కనిపిస్తుంది. తుప్పు మచ్చల్లో రెండు లోతుగా తినేసినాయి, అవి పోవని ముందే చెప్పినాడు కాబట్టి అది ఆయన తప్పు కాదు. కట్టె, మెత్త, స్ప్రింగు, తుప్పు పని అన్నీ కలిపి 4,200 తీసుకున్నాడు. ఇంతకుముందు వేరే ఊర్లో ఒకాయన ఒక్క స్ప్రింగుకే మూడు వేలు గుంజి, స్క్రూల నోళ్ళన్నీ అరగదీసి పంపినాడు. ఈయన బిగించిన స్క్రూల గాట్లు అన్నీ ఒకే వరసలో నిలబడి ఉన్నాయి. అది చూసినాక ఇరవై ఆరు రోజులు కొంచెం మరిచిపోయినా.

ఇప్పుడు ఎత్తితే బట్ తిన్నగా భుజం గుంటలో కూర్చుంటుంది. కోసిన కట్టె ముక్క కూడా కాగితంలో చుట్టి ఇచ్చినాడు, అది మా నాయన మంచం పక్కన గూట్లో ఉంది. బిల్లు మీద భాయ్ తన చేత్తో రాసినాడు: "కట్టె ఒక అంగుళం తగ్గింది. గొట్టం 30, ముట్టలేదు."

పోయేవాళ్ళు లైసెన్సు జిరాక్సు కాదు, ఒరిజినల్ తీసుకుపోండి. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు మూస్తాడు, మూడు దాటినాక తెరుస్తాడు. ఒక్క పూటలో పని అయిపోతుందనుకుని మాత్రం బయల్దేరొద్దు.