అమెరికా సమాన హక్కుల సవరణ: పాత తీర్మానమా, కొత్తదా?

స్త్రీపురుష సమానత్వాన్ని అమెరికా రాజ్యాంగంలోకి ఎక్కించడానికి ఉద్యమకారుల ముందు రెండు దారులున్నాయి.

మొదటిది, 1972 మార్చి 22న కాంగ్రెస్ (ప్రతినిధుల సభ, సెనేట్ కలిసిన అమెరికా చట్టసభ) ఆమోదించిన తీర్మానాన్నే గట్టెక్కించడం. 50లో 38 రాష్ట్రాలు ఒప్పుకోవాలి. 1977 నాటికి 35 ఒప్పుకున్నాయి. 1982 జూన్ 30తో పొడిగించిన గడువు కూడా అయిపోయింది. తర్వాత నెవాడా (2017), ఇల్లినాయ్ (2018), వర్జీనియా (2020) కలిశాయి. లెక్క 38కి చేరినా రెండు చిక్కులు మిగిలాయి. గడువు మొదటిది. అది సవరణ పాఠంలో లేదు, తీర్మానం ముందుమాటలో ఉంది. కాబట్టి చెల్లదని ఉద్యమకారుల వాదన. 1789లో ప్రతిపాదించిన 27వ సవరణ 1992లో అమల్లోకి వచ్చిందని గుర్తు చేస్తారు, కానీ దానికి గడువే లేదు. ఈ తేడాను దాటవేయకూడదు. రెండోది, ఇడాహో, టెనెస్సీ సహా 5 రాష్ట్రాలు తమ ఆమోదాన్ని వెనక్కి తీసుకోవడం. అలా తీసుకునే వీలుందో లేదో రాజ్యాంగ సవరణల పద్ధతిని చెప్పే 5వ అధికరణం చెప్పదు.

రెండో దారి, మళ్లీ మొదటి నుంచి. రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల మెజారిటీ కావాలి. అంటే సభ్యులంతా ఓటేస్తే ప్రతినిధుల సభలో 290, సెనేట్‌లో 67 ఓట్లు కావాలి, ఆపైన మళ్లీ 38 రాష్ట్రాలు. 1983లో ఇలాంటి కొత్త తీర్మానం ప్రతినిధుల సభలోనే 278-147తో, కావలసిన మెజారిటీకి ఆరు ఓట్లు తక్కువై వీగిపోయింది. అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ మాత్రం 2020లో ఈ దారినే కోరుకున్నారు.

చట్టపరంగా కొత్త తీర్మానమే శుభ్రమైనది. అయితే గెలిచిన 38 రాష్ట్రాలను వదులుకుంటే, ఇప్పుడున్న రాజకీయ చీలికలో అంతమందిని మళ్లీ కూడగట్టడం చాలా కష్టం. అందుకే పాతదాన్ని వదలకుండా, గడువు తొలగించమని కాంగ్రెస్‌పై ఒత్తిడి తేవడమే మేలు.