"బ్రిటన్, ఫ్రాన్స్ గ్యారంటీ ఉన్న టర్కీ బాండు" అని అమ్ముతున్నారు, జాగ్రత్త

పాత బాండ్లు, షేరు సర్టిఫికెట్లు సేకరించేవాళ్ళకి, ముఖ్యంగా ఈమధ్యే మొదలుపెట్టినవాళ్ళకి చెప్తున్నా, డబ్బు పంపేముందు ఇది ఒకసారి చదవండి.

ఆన్‌లైన్‌లో ఒకాయన "1855 టర్కీ అప్పు బాండు, రెండు ప్రభుత్వాల గ్యారంటీ, చాలా అరుదు" అని పెట్టి 18,000 అడిగాడు. ఫొటోలో పైభాగమే ఉంది, అదీ మసగ్గా. పూర్తి ఫొటో పెట్టమంటే ఫ్రేములో ఉంది, తీస్తే చిరుగుతుంది అన్నాడు. చెప్పిన బాండు కాకపోతే డబ్బు తిరిగి ఇస్తానని చాట్‌లో రాయించుకున్నాకే పంపాను. వచ్చింది 1870 నాటి లాటరీ బాండు! బారన్ హిర్ష్ అనే బ్యాంకరు రుమేలియా (అంటే టర్కీ చేతిలో ఉన్న యూరప్ భాగం) రైల్వే కోసం అమ్మిపెట్టిన అప్పు అది. ఒక్కోటి 400 ఫ్రాంకులు, 3 శాతం వడ్డీ, డ్రాలో బాండు నంబరొస్తే 6,00,000 ఫ్రాంకుల దాకా బహుమతి. మొత్తం 19,80,000 బాండ్లు వేశారు, అందుకే ఇప్పటికీ తేలిగ్గా దొరుకుతాయి. వాటికి బ్రిటన్ గానీ ఫ్రాన్స్ గానీ పూచీ పడలేదు.

అడిగితే "దేశం ఒకటే, సుల్తానూ ఒకడే కదా సార్" అని జవాబు. సుల్తాను కూడా ఒకడు కాదు, 1855లో అబ్దుల్ మజీద్, 1870లో అబ్దుల్ అజీజ్. ఆ మాట చెప్పగానే ప్యాకెట్ విప్పేశారు కాబట్టి రిటర్న్ కుదరదన్నాడు, తర్వాత బ్లాక్ చేశాడు.

తేడా ఏముందిలే అనుకునేవాళ్ళ కోసం కొంచెం వివరంగా చెప్తా. రష్యా మీద టర్కీ, బ్రిటన్, ఫ్రాన్స్ ఒకవైపై చేసిన క్రిమియా యుద్ధం నడుస్తుండగా 1854లో టర్కీ సొంత పేరు మీద లండన్‌లో 30 లక్షల పౌండ్లు అప్పు చేస్తే 6 శాతం వడ్డీ ఇస్తామన్నా 100 పౌండ్ల బాండు 80కే అమ్ముడైంది. మరుసటి ఏడాది బ్రిటన్, ఫ్రాన్స్ పూచీ నిలబడేసరికి 50 లక్షల పౌండ్ల అప్పు 4 శాతానికే దొరికింది, పైగా 100 బాండుకి జనం 102కి పైనే పెట్టారు. ఈ పూచీ కూడా ఊరికే రాలేదు, బ్రిటిష్ పార్లమెంటులో 135కి 132 ఓట్లతో, అంటే మూడే మూడు ఓట్ల తేడాతో గట్టెక్కింది. రేపు టర్కీ కట్టకపోతే మన పన్నుల్లోంచి కట్టాలా అని అక్కడి సభ్యుల టెన్షన్. వాళ్ళ భయం ఉత్తదేం కాదు, 1875లో టర్కీ వడ్డీ సగమే నగదుగా ఇస్తామంది, 1876కల్లా చేతులెత్తేసింది. అప్పుడు పూచీ లేని బాండ్లు పట్టుకున్నవాళ్ళ గతి ఏమైందో ఊహించుకోండి.

గ్రీసు బాండ్లతోనూ ఇదే గోల. 1824, 1825ల్లో స్వాతంత్ర్య యుద్ధం కోసం లండన్‌లో తెచ్చిన అప్పులకి ఎవరి పూచీ లేదు, కొన్నవాళ్ళు 1878 రాజీ దాకా ఎదురుచూశారు. పూచీ ఉన్నది 1832 ఒప్పందం ప్రకారం బవేరియా రాకుమారుడు ఒట్టో రాజుగా వచ్చినప్పుడు ఇచ్చిన 6 కోట్ల ఫ్రాంకుల అప్పు. బ్రిటన్, ఫ్రాన్స్, రష్యా తలా మూడో వంతుకి మాత్రమే పూచీ, ముగ్గురూ కలిసి మొత్తానికి కాదు. 1843లో గ్రీసు కట్టడం ఆపేస్తే ఆ మూడు ప్రభుత్వాలే కట్టాయి. అమ్మేవాళ్ళు మాత్రం 1825 కాగితానికి కూడా "మూడు రాజ్యాల గ్యారంటీ" అని తగిలిస్తారు.

ఇంకోటి. పూచీ ఉన్న అప్పు తీరిపోతే బాండు వెనక్కి ఇచ్చేసి డబ్బు తీసుకుంటారు, ఆ కాగితం రద్దయిపోతుంది. కట్టలు కట్టలుగా మిగిలేవి ఎక్కువగా ఎగ్గొట్టిన అప్పులవే. కాబట్టి "గ్యారంటీ బాండ్లు పది ఉన్నాయి, కలిపి తీసుకుంటే తగ్గిస్తా" అన్నాడంటే అక్కడే ఆగిపోండి. ఈ గ్యారంటీ ఇప్పటికీ చెల్లుతుంది, లండన్‌లో క్లెయిమ్ చేసుకోవచ్చు అని రిటైరైన పెద్దవాళ్ళకి పెట్టుబడిలా అంటగడుతున్నారని కూడా విన్నాను. మీ ఇంట్లో బాబాయిలూ మావయ్యలూ ఉంటే ముందే చెప్పి ఉంచండి.

మన దగ్గర తిరిగే నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే సర్టిఫికెట్లు కూడా ఇలాగే. 1883లో లండన్‌లో పెట్టిన ఆ కంపెనీకి 5 శాతం రాబడికి పూచీ పడింది నిజాం ప్రభుత్వం, 20 ఏళ్ళకి. "బ్రిటిష్ సర్కారు గ్యారంటీ" అని ఎవరైనా రేటు పెంచితే నమ్మొద్దు.

కొనేముందు రెండు వైపులా పూర్తి ఫొటో అడగండి. సంవత్సరం, వడ్డీ శాతం, పౌండ్లా ఫ్రాంకులా, పూచీ పడిన ప్రభుత్వాల పేర్లు, కూపన్లు (వడ్డీ తీసుకోవడానికి కత్తిరించి ఇచ్చే చీటీలు), రద్దు ముద్ర అన్నీ కనబడాలి. ఇవ్వనంటే వదిలేయండి.

అదే మనిషి ఇప్పుడు వేరే పేరుతో "ఈజిప్టు, ఆరు దేశాల గ్యారంటీ" అని ఇంకోటి పెట్టాడు, ఫొటో మళ్ళీ సగమే. అలాంటి అప్పు నిజంగానే ఉంది, 1885లో, 3 శాతానికి, బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, ఆస్ట్రియా-హంగేరీ, ఇటలీ, రష్యా పూచీతో. కానీ అతను అమ్మేది అదేనని సగం ఫొటో చూసి చెప్పలేం. ఎవరైనా బేరం మొదలుపెట్టి ఉంటే అడ్వాన్స్ ఇవ్వకండి, నాకు మెసేజ్ చేయండి, నా దగ్గరున్న చాట్ స్క్రీన్‌షాట్లు పంపిస్తా.